ఆటలో లెక్క ఎక్కడుంది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల పిల్లల లెక్కల భయం గురించి రాశాక మెయిళ్ళూ వాట్సాప్ మెసేజులూ బాగానే వచ్చాయి, అందులో ఎక్కువమంది అడిగింది ఆటల గురించే. యాప్‌లు మంచివా, పాత ఆటలు పనికొస్తాయా, పజిల్స్ చేస్తే మార్కులు పెరుగుతాయా అని. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి కొన్ని తీసుకున్నా.

ప్రశ్న: మేడమ్, మా బాబు రెండో తరగతి. లెక్కల్లో వీక్ ఉన్నడని ఫోన్ల ఒక మ్యాథ్స్ గేమ్ యాప్ వేసినం, ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టి మరీ. రోజూ గంటసేపు ఆడుతడు, కాయిన్లు, స్టార్లు, డ్రాగన్‌కి కొత్త రెక్కలు అన్నీ గెలిచిండు. కానీ ఎనిమిదీ ఏడూ ఎంత బిడ్డా అంటే ఇప్పటికీ వేళ్ళే లెక్కపెడుతడు. యాప్ మార్చాల్నా, మొత్తానికే బంద్ పెట్టాల్నా? – ఓ అమ్మ, కరీంనగర్

జవాబు: ముందు వేళ్ళ సంగతి తేల్చేద్దాం అమ్మా. రెండో తరగతి పిల్లాడు వేళ్ళు లెక్కపెడితే కొంపలేం మునిగిపోవు, తిట్టి మాన్పిస్తే బల్ల కింద చేతులు పెట్టుకుని లెక్కపెడతాడు అంతే. వాడికి కావాల్సింది వేళ్ళకంటే సులువైన దారి. ఎనిమిదికి రెండు కలిపితే పది, ఆ రెండూ ఏడులోంచే తీశాం కాబట్టి ఇంకా అయిదు మిగిలింది, పదీ అయిదూ పదిహేను. ఈ దారి అలవాటైతే వేళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

ఇక యాప్. మార్చాలా వద్దా అని నన్ను అడిగే ముందు మీరే వాడి పక్కన కూర్చుని కాసేపు చూడండి, చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ గేమ్‌లోంచి లెక్కలన్నీ పీకేసి వాటి బదులు తెలుగు స్పెల్లింగులో రాష్ట్రాల రాజధానులో పెట్టినా డ్రాగన్ అలాగే ఎగురుతుందా? ఎగురుతుందీ అంటే అది లెక్కల ఆట కాదు, డ్రాగన్ ఆటకి మధ్యమధ్యలో అడ్డం పడే పరీక్ష. పిల్లలు తెలివైనవాళ్ళు, ఆ పరీక్షని ఎంత తొందరగా దాటేసి డ్రాగన్ దగ్గరికి పోవాలా అనే చూస్తారు, నాలుగు ఆప్షన్లు ఉంటే టకటకా నాలుగూ నొక్కేస్తారు, ఏదో ఒకటి కరెక్టు అవుద్ది కదా.

ఇది నా సొంత అనుమానం కాదు. ఇంగ్లండ్‌లో హ్యాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో దీని మీదే ఒక స్టడీ ప్రచురించారు. భాగహారం నేర్పడానికి ఒక కంప్యూటర్ గేమ్ చేశారు, అందులో అస్థిపంజరాలు మీదకొస్తుంటాయి, ఒక్కోదాని ఛాతీ మీద ఒక నంబరు ఉంటుంది, పిల్లాడి దగ్గరుండే ఒక్కో ఆయుధానికీ ఒక్కో నంబరు, శేషం లేకుండా భాగించే ఆయుధంతో కొడితేనే అది చస్తుంది. ఇదే గేమ్‌కి ఇంకో వెర్షన్ కూడా చేశారు, అందులో ఛాతీ మీద నంబర్లుండవు, ఏవో గుర్తులుంటాయి, లెక్కలన్నీ లెవెల్ అయిపోయాక వేరేగా అడుగుతారు. లెక్కలు అవే, గ్రాఫిక్స్ అవే. కొడుతూ లెక్క చేసిన పిల్లలే బాగా నేర్చుకున్నారు, పైగా మీ ఇష్టం ఏదన్నా ఆడుకోండి అని వదిలేస్తే లెక్కలు లోపలున్న వెర్షన్ దగ్గరే దాదాపు ఏడు రెట్లు ఎక్కువసేపు కూర్చున్నారు. లెక్క అడ్డొస్తే పిల్లలు విసుక్కుంటారు, లెక్కే ఆయుధమైతే వదలరు.

అలాగని అడ్డం పడే యాప్‌లు పూర్తిగా చెత్త అనను. అర్థమైపోయిన ఎక్కాలు నోటికి రావడానికి పనికొస్తాయి, అర్థం కానిది మాత్రం వాటితో అర్థం కాదు. టైమర్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉంటే ముందు అది ఆఫ్ చెయ్యండి. సబ్‌స్క్రిప్షన్ అయిపోయేదాకా ఉండనివ్వండి, రోజుకో పావుగంట చాలు. మిగతా టైమ్‌లో ఇంట్లో పేకముక్కలుంటే తియ్యండి, పెద్దవాళ్ళు పేక అనగానే ముఖం చిట్లిస్తారు గానీ పందెం లేదు కదా. బొమ్మలూ పదులూ తీసేస్తే ఒకటి నుంచి తొమ్మిది దాకా 36 ముక్కలుంటాయి, ఆసు అంటే ఒకటి. అన్నీ బోర్లా పరిచి ఒకరి తర్వాత ఒకరు రెండేసి తిప్పాలి, రెండూ కలిపి పది అయితే ఆ జత మీది, కాకపోతే మళ్ళీ బోర్లా పెట్టెయ్యాలి. వాడికి మూడు తగిలితే ఏడు ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఇందులో లెక్క తీసేస్తే ఆటే లేదు చూడండి.

ప్రశ్న: అమ్మాయ్, నాకు డెబ్బై దాటాయి. వేసవి సెలవులకి మనవలొస్తే అష్టాచెమ్మా, వామనగుంటలు, వైకుంఠపాళీ ఆడిస్తుంటానండి. వీటిలో లెక్కలున్నాయని నేనంటే మా అబ్బాయి నవ్వుతాడు. నిజంగా ఉన్నాయా, లేక మనకి ఇష్టం కాబట్టి అనుకుంటున్నామా? – ఓ తాతగారు, భీమవరం

జవాబు: బాబాయ్ గారూ, ఉన్నాయండి, అయితే మన పూర్వీకులు లెక్కలు నేర్పడానికే ఇవి కనిపెట్టారు అని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నేననను. సరదాకే ఆడుకున్నారు. లెక్క అందులో ఎలాగూ ఉంది, తవ్వితే బయటికొస్తుంది, తవ్వకపోతే గవ్వలేసుకుని లేచిపోతాం.

అష్టాచెమ్మా చూడండి. నాలుగు గవ్వలు, ఒక్కోటీ వెల్లకిలా పడొచ్చు, బోర్లా పడొచ్చు. అంటే రెండుని నాలుగుసార్లు హెచ్చిస్తే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. ఒక్కటే వెల్లకిలా పడేవి 4 రకాలు, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అది ఒక్క రకమే, నాలుగూ బోర్లా పడితే అష్ట, అదీ ఒక్కటే. అందుకే రెండు అన్నిటికంటే ఎక్కువసార్లు పడుతుంది, అష్టా చెమ్మా అరుదుగా పడతాయి, అరుదుగా పడేవాటికే ఇంకో పందెం ఇస్తారు. ఇక్కడ 1, 4, 6, 4, 1 వచ్చింది కదా, మీరు ఛందస్సు చదువుకున్న తరం కాబట్టి ఇంకో మాట చెప్తాను. బోర్లా పడ్డ గవ్వని గురువు అనుకోండి, వెల్లకిలా పడ్డదాన్ని లఘువు అనుకోండి. మూడు గవ్వలేస్తే 8 రకాలు, అవే య మ త ర జ భ న స గణాలు! నాలుగు గవ్వలేస్తే నాలుగక్షరాల ప్రస్తారం, అంటే గురులఘువుల్ని పేర్చగల అన్ని రకాలూ, 16. ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి గ్రంథం మీద 10వ శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యానంలో ఈ అంకెలనే కొండలా పేర్చి మేరు ప్రస్తారం అన్నాడు, మీ మనవలు ఇంటర్‌లో దాన్నే పాస్కల్ త్రిభుజం అని చదువుతారు. మీ అబ్బాయికి ఇది చెప్పి ఇప్పుడు నవ్వమనండి.

కానీ ఇదంతా గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటేనే. గవ్వ నాణెం కాదు, ఒకవైపు ఉబ్బు, ఒకవైపు నోరు. కాబట్టి మనవల చేత వంద పందేలు వేయించి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీయించండి, మా పదహారో వంతు లెక్కకి ఎంత దూరంగా వచ్చిందో చూడమనండి. తర్వాత గవ్వలు పక్కనపెట్టి, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలతో మళ్ళీ వేయించండి, లెక్క మారిపోద్ది. సంభావ్యత చాప్టర్ మొత్తం అక్కడే ఉంది, పుస్తకంలోకంటే బాగా.

వామనగుంటల్లో రెండు వరసల్లో 14 గుంటలు, పిక్కలు తీసి పంచుకుంటూ పోవడమే కదా. పంచేముందు ఆపి, చివరి పిక్క ఏ గుంటలో పడుద్దో చెప్పు అనండి. చిన్నవాళ్ళు గాల్లో వేలితో పంచి చూసుకుంటారు, కొన్నాళ్ళకి వేలు అక్కర్లేకుండానే చెప్పేస్తారు.

వైకుంఠపాళీకి మాత్రం చిన్న మార్పు చెయ్యాలి. గళ్ళలో నంబర్లున్న పటమే తీసుకోండి. చిన్నదాని పావు 23లో ఉండి నాలుగు పడితే అందరూ ఒకటీ రెండూ మూడూ నాలుగూ అంటూ జరుపుతారు, అలా కాకుండా ఏ గడిలోకి పోతే ఆ గడి నంబరే అనమనండి, ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు అని. అమెరికాలో రామాణి, సీగ్లర్ అనే వాళ్ళు పేద కుటుంబాల నాలుగైదేళ్ళ పిల్లలతో 1 నుంచి 10 దాకా వరసగా గళ్ళున్న పలక మీద ఆడించి 2008లో ప్రచురించారు, పావుగంట ఇరవై నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడితేనే ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడుంటుంది అనేది బాగా మెరుగుపడింది. అదే ఆట నంబర్లు లేకుండా రంగుల గళ్ళ మీద ఆడిన పిల్లలకి ఆ లాభం రాలేదు. గడి నంబరు పైకి అనడంలోనే ఉంది కిటుకు అని తర్వాత ఇంకో స్టడీలో తేలింది.

ప్రశ్న: మేడమ్, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో మ్యాథ్స్ టీచర్ని. క్లాసులో యాభై మంది, కంప్యూటర్లు లేవు, ఒక డిజిటల్ ప్యానెల్ ఉంది, కరెంటు ఉన్నప్పుడు పనిచేస్తుంది. ఖర్చు లేకుండా ఆడించదగ్గవి రెండు మూడు చెప్పగలరా? – ఓ ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: మాస్టారూ, కరెంటు లేని రోజుకి సుద్దముక్క చాలు. బోర్డు మీద 21 గీతలు గీయండి, క్లాసుని రెండు జట్లు చెయ్యండి, ఒక్కో జట్టూ తన వంతులో ఒకటిగానీ రెండుగానీ మూడుగానీ గీతలు చెరపాలి, చివరి గీత చెరిపినోళ్ళది గెలుపు. మొదట్లో గోలగోలగా ఆడతారు, ఆడనివ్వండి. ఎవరో ఒకరు గమనిస్తారు, ఎదుటివాళ్ళకి నాలుగు మిగిలిస్తే వాళ్ళ పని అయిపోయినట్టే అని. అక్కడ్నుంచి వెనక్కి పోతే ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. అంటే మొదటి జట్టు ఒక్క గీత చెరిపి 20 వదిలేసి, ఆ తర్వాత ఎదుటివాళ్ళు ఎన్ని చెరిపితే దానితో కలిపి నాలుగయ్యేలా చెరుపుతూ పోతే ఓటమే లేదు. ఇది మీరు చెప్పొద్దు, నోరు కట్టేసుకోండి, టీచర్లకి అన్నిటికంటే కష్టమైన పని అదే అనుకోండి. వాళ్ళు కనిపెట్టాక, ఇప్పుడు నాలుగు దాకా చెరపొచ్చు అని రూల్ మార్చండి, వాళ్ళే అయిదు గుణిజాలకి పోతారు. శేషం అంటే ఏంటో ఆ రోజు తెలుస్తుంది.

తీసివేతలు రాని తొమ్మిదో తరగతి పిల్లలు ఉంటారు మీకు, నాకు తెలుసు, వాళ్ళకి నాలుగంకెల తీసివేత ఇస్తే అవమానంగా ఫీలవుతారు. వాళ్ళకి కాప్రేకర్ ఆట ఇవ్వండి. నాసిక్ పక్కన దేవలాలీలో స్కూల్ టీచర్‌గా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ 1949లో బయటపెట్టిన సంగతి. అన్నీ ఒకే అంకె కాకుండా ఏ నాలుగంకెల సంఖ్యయినా తీసుకోండి, 3524 అనుకోండి. అంకెల్ని పెద్దది నుంచి చిన్నదికి పేర్చి, దాన్లోంచి తిరగేసింది తీసెయ్యాలి. 5432లోంచి 2345 పోతే 3087. మళ్ళీ 8730లోంచి 0378 పోతే 8352. మళ్ళీ 8532లోంచి 2358 పోతే 6174. ఇక అక్కడే ఆగిపోద్ది, ఎన్నిసార్లు చేసినా 6174. ఏ సంఖ్యతో మొదలెట్టినా ఏడు సార్లలోపు అక్కడికే వస్తుంది. యాభై మంది యాభై సంఖ్యలతో మొదలెట్టి ఒక్క చోటికి చేరడం వాళ్ళు కళ్ళారా చూస్తారు, రానివాడిది తప్పయిందని పక్కోడే చెక్ చేసి పెడతాడు, మీరు దిద్దక్కర్లేదు.

ప్యానెల్ పనిచేసే రోజు జియోజీబ్రా వాడండి. ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన యూనివర్సిటీలో చదివేటప్పుడు చేసిన సాఫ్ట్‌వేర్, ఫ్రీ, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. వృత్తం, దానికి వ్యాసం, వృత్తం మీద ఇంకో బిందువు, ఆ బిందువుని వ్యాసం రెండు చివర్లకీ కలిపితే అక్కడ వచ్చే కోణం చూపించేలా పెట్టండి. జరిపేముందు, ఈ బిందువుని అటు లాగితే కోణం పెరుగుద్దా తగ్గుద్దా అని చేతులెత్తించండి. తర్వాత ఒక పిల్లని పిలిచి లాగమనండి, 90 కదలదు. వృత్తానికి అతుక్కోని ఇంకో బిందువుతో ఇలాగే చేసి, దాన్ని లోపలికి లాగితే 90 దాటుద్ది, బయటికి లాగితే తగ్గుద్ది. చేతులెత్తించడం మర్చిపోతే మాత్రం అది ఉత్త సినిమా అయిపోద్ది.

ప్రశ్న: అక్కా, నేను నైన్త్. 2048 గేమ్ ఆడతా, ఇంట్లో తిడతారు, అది మ్యాథ్స్ గేమే అని చెప్పినా వినరు. మీరైనా చెప్పండి. దాంట్లో అన్నిటికంటే పెద్ద టైల్ ఎంత? – ఓ స్టూడెంట్, వరంగల్

జవాబు: తమ్ముడూ, నీ తరఫున సగమే వాదిస్తా. ఇటలీకి చెందిన గాబ్రియేలె చిరుల్లి 2014 మార్చిలో పెట్టాడు దాన్ని, అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, పదహారు గళ్ళ బోర్డు మీద టైల్స్‌ని స్వైప్ చేస్తూ పోతే ఒకే అంకె ఉన్న రెండు టైల్స్ కలిసి రెట్టింపు అంకె ఉన్న ఒకే టైల్ అవుతాయి, అలా 2048 చెయ్యాలి. 2048 అంటే రెండుని పదకొండుసార్లు హెచ్చించడం. నువ్వు స్వైప్ చేసిన ప్రతిసారీ కొత్తగా ఒక టైల్ వస్తుంది కదా, పదింట తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4, అంటే సగటున బోర్డు మీద మొత్తం 2.2 పెరుగుతుంది. 2048ని 2.2తో భాగిస్తే దాదాపు 930. ఎంత గొప్పగా ఆడినా తొమ్మిదొందలకి పైగా స్వైపులు మామూలుగా తప్పవు, ఇంట్లో ఎందుకు తిడతారో అర్థమైందా.

పెద్ద టైల్ సంగతి. గళ్ళు 16. పెద్దది పుట్టాలంటే దాని సగం ఉండాలి, దాని సగం ఉండాలి, అలా 65536, 32768 అంటూ కిందికి దిగి చివరికి 4, ఇవి 15 గళ్ళు. మిగిలిన ఒక్క గడిలో ఇంకో 4 పుడితే అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి 131072 అవుద్ది. రెండుని 17 సార్లు హెచ్చించినది. అంతకుమించి గళ్ళు చాలవు.

ఇదే రెట్టింపు లెక్క మనవాళ్ళు చదరంగం 64 గళ్ళ మీద వేశారు, మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది. మొత్తం ఎంతో చెప్పే తెలుగు పద్యం ఒకటుంది, 11వ శతాబ్దంలో లెక్కల్ని తెలుగు పద్యాల్లో రాసిన పావులూరి మల్లనది అంటారు. అందులో అంకెలు మాటల్లో దాక్కుని ఉంటాయి, శరం అంటే 5, శశి అంటే 1, అలా చివరి అంకె నుంచి వెనక్కి చదువుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. మీ తెలుగు సార్‌ని అడుగు, పద్యం మొత్తం చెప్తారు. ఒకటీ రెండూ నాలుగూ ఎనిమిదీ కలిపితే పదిహేను, తర్వాతి గడికంటే ఒకటి తక్కువ, ఎప్పుడూ ఇంతే, ఎందుకో ఆలోచించు.

మిగతా సగం ఏంటంటే, మూలకి తోసేసి ఆడే ట్రిక్ వచ్చేశాక నువ్వు లెక్క చెయ్యట్లేదు, బొటనవేలు చేస్తోంది. అప్పుడు అమ్మానాన్నదే కరెక్టు.

ప్రశ్న: మా పాప ఇక్కడే పుట్టింది, ఆరేళ్ళు. తెలుగు అంకెలు పది దాటి రావు. ఏదైనా ఆట ఉందా? – ఓ నాన్న, డాలస్

జవాబు: వీకెండ్ నాలుగు కుటుంబాలు కలిసినప్పుడు తంబోలా పెట్టండి, నంబర్లు తెలుగులోనే పిలవాలి, అదొక్కటే రూలు. టికెట్‌లో 15 నంబర్లు, 1 నుంచి 90. పెద్దవాళ్ళు కూడా డెబ్బై తొమ్మిదికి ఎనభై తొమ్మిదికి తడబడతారు, చూస్తారుగా. కాస్త అలవాటయ్యాక పాప చేతే పిలిపించండి.

ప్రశ్న: సూటిగా చెప్పండి మేడమ్, ఆటలాడితే మార్కులు పెరుగుతాయా? – ఓ పేరెంట్, విజయవాడ

జవాబు: ఉత్త ఆటతో పెరుగుతాయని చెప్పలేను. ఢిల్లీలో ప్రథమ్ సంస్థతో కలిసి ఎస్తేర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ వాళ్ళ బృందం 214 ప్రీస్కూళ్ళలో పదిహేను వందల మందికి పైగా పిల్లలతో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువ, ఆకారాల్లో ఏది వేరుగా ఉంది లాంటి ఆటలు నెలల తరబడి ఆడించారు. ఆ నేర్పు ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ వాళ్ళు బళ్ళో చేరాక అంకెలు రాసి చేసే లెక్కల్లో మిగతా పిల్లలకంటే ముందుండలేదు. బహుశా చుక్కలకీ, పలక మీద రాసే 7కీ సంబంధం వాళ్ళకి ఎవరూ కలపకపోవడం వల్ల కావచ్చు. అందుకే నేను ప్రతిచోటా గీతలు గీయించండి, నంబరు పైకి అనమనండి అని చావగొట్టేది. పేకముక్కలతో పది జతలు ఆడాక, గెలిచిన జతల్ని 3 + 7 = 10 అని నోట్‌బుక్‌లో రాయించండి, రెండు నిమిషాల పని. మీది కార్పొరేట్ స్కూల్ అయి వారం వారం టెస్టులుంటే ఆటకి టైమెక్కడిది అంటారేమో, దానికి నా దగ్గర మందు లేదు.

ప్రశ్న: రిటైరయ్యాను, రోజూ పేపర్లో సుడోకు చేస్తాను. మనవడికి నేర్పితే లెక్కలు బాగుపడతాయా? – రాజమండ్రి

జవాబు: సుడోకులో అంకెలున్నాయి గానీ లెక్కలు లేవండి, 1 నుంచి 9 బదులు అ నుంచి తొమ్మిది అక్షరాలు పెట్టినా పజిల్ మారదు. తర్కం మాత్రం బోలెడు, ఇది ఇక్కడుంటే అది అక్కడ ఉండకూడదు అని ఆలోచించడం అలవాటవుద్ది, అదీ మంచిదే. అంకెలతో పని పడాలంటే కెన్‌కెన్ నేర్పండి, జపాన్‌లో తెత్సుయా మియమోతో అనే లెక్కల టీచర్ 2004లో తన క్లాసు కోసం చేసింది, అందులో గళ్ళ గుంపుకి మొత్తమో లబ్ధమో ఇచ్చి లోపలి అంకెలు కనుక్కోమంటారు.

ప్రశ్న: జాతరలో మా వాడికి ప్లాస్టిక్ నంబర్ల పజిల్ కొన్నాను, 15 బిళ్ళలు, ఒక ఖాళీ, జరుపుతూ వరసలో పెట్టాలి. అన్నీ వచ్చాయి గానీ చివర్లో 15, 14 తారుమారుగా ఉన్నాయి, ఖాళీ కింద మూలలోనే ఉంది. వారం నుంచి ఇల్లంతా కుస్తీ పడుతున్నాం. ఏదైనా కిటుకుందా? – గుంటూరు

జవాబు: లేదు, ఉండదు. 1880లో అమెరికా మొత్తం దీంతోనే కుస్తీ పట్టింది. తనే కనిపెట్టానని శామ్ లాయిడ్ అనే పజిళ్ళాయన తర్వాత ప్రచారం చేసుకున్నాడు, అసలు చేసింది నోయెస్ చాప్‌మన్ అనే పోస్ట్‌మాస్టర్. మీ దగ్గరున్న అమరిక అసాధ్యమని ఆ రోజుల్లోనే ఒక గణిత పత్రికలో రుజువు వచ్చేసింది.

ఎందుకు కుదరదో చెప్తా, మీ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. పలకని చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్ళుగా ఊహించుకోండి. బిళ్ళ జరిపిన ప్రతిసారీ ఖాళీ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి పోతుంది. బయల్దేరిన మూలకే ఖాళీ తిరిగి రావాలంటే జరుపుళ్ళు కచ్చితంగా సరిసంఖ్య అవ్వాలి. ఒక్కో జరుపుడూ అంటే ఖాళీకీ ఒక బిళ్ళకీ చోటు మార్పిడి, అంటే మొత్తం మార్పిడులూ సరిసంఖ్యే. కానీ 14, 15 మాత్రమే తారుమారు చెయ్యడం అంటే ఒకే మార్పిడి, బేసి. సరిసంఖ్య మార్పిడులతో వచ్చే అమరిక బేసి మార్పిడులతో ఎప్పటికీ రాదు. బిళ్ళల్ని పీకి ఇష్టమొచ్చినట్టు పెడితే సగానికి సగం అమరికలు ఇలాగే ఇరుక్కుపోతాయి, మీ పజిల్‌ని ఫ్యాక్టరీలోనో జాతర బండి దగ్గరో ఎవరో అలా పెట్టేసి ఉంటారు.

మీ వాడు గోరుతో ఆ రెండు బిళ్ళలూ పీకి మార్చి పెట్టేస్తే మోసం చేశాడని తిట్టకండి, ఇంకో దారి లేదు.